స్టెతస్కోపుకు అర్థం అందించిన రోజు

ఆయన సంస్మరణ సభలో నాలుగు మాటలు మాట్లాడమని వాళ్లబ్బాయి పోయిన వారం ఫోన్ చేశాడు. మర్యాదస్తుడే. "మేడమ్, మీరు నాన్నగారితో పనిచేశారని విన్నాం. ఆ రోజుల వాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు" అన్నాడు. ఆహ్వానపత్రిక కూడా ఫోన్‌కి పంపాడు. అందులో తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, కళ్లలో కాస్త తడి, కింద "తెలుగువారి కుటుంబ వైద్యుడు" అని పెద్ద అక్షరాలు. నిజానికి ఆయన వైద్యుడు కాదు. బతికినంతకాలం తెలుగు సినిమాల్లో డాక్టరు వేషాలు వేసిన నటుడు. ఇంటిల్లిపాదీ ఏడుస్తూ ఉంటే తోలుసంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చేదీ, మంచం మీద మనిషి మణికట్టు పట్టుకుని తల అడ్డంగా ఊపేదీ, కళ్లజోడు తీసి తుడుచుకునేదీ ఆయనే. పరిశ్రమలో అందరూ ఆయన్ని డాక్టరుగారనే పిలిచేవాళ్లు. పేరు నేనిక్కడ రాయను. రాస్తే ఆయన్ని తలుచుకునే వాళ్లలో నేనూ ఒకదాన్నవుతాను, ఆ ముచ్చట ఆయనకి తీర్చే ఉద్దేశం నాకు లేదు. సభకి రాలేనని చెప్పేశాను. చెప్పాల్సిన మాటలు మాత్రం నా దగ్గర చాలాకాలంగా ఉన్నాయి. వాటిని ఇక్కడ రాస్తున్నాను, వాళ్లబ్బాయి చదివినా నాకు అభ్యంతరం లేదు.

అప్పుడు మేం కృష్ణానగర్‌లో ఎల్లమ్మ ఇంట్లో ఒక గది, ఒక వంటిల్లు అద్దెకి తీసుకుని ఉండేవాళ్లం. అమ్మ, అమ్మమ్మ, నేను. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. సినిమాలు మద్రాసు నుంచి ఒక్కొక్కటిగా హైదరాబాదుకి తరలివస్తున్న కాలం అది. తెనాలిలో నాటకాల వాళ్ల వెంట తిరిగిన అమ్మ, ఎవరో చెప్పిన మాట పట్టుకుని అమ్మమ్మనీ నన్నూ వెంటేసుకుని ఇక్కడికి వచ్చి జూనియర్ ఆర్టిస్టుల్లో చేరింది. ఎల్లమ్మ ఇక్కడి మనిషే. మా గది గోడకి అవతలే ఆమె గేదెల కొట్టం. పొద్దున్నే పేడ వాసన, తవుడు వాసన, పక్కగదిలో డాన్సు పిల్లలు పూసుకునే పౌడరు వాసన, అమ్మమ్మ కాచే కాఫీ వాసన అన్నీ కలిసి మా ఇంట్లోకి వచ్చేవి. వీధి చివర నిలబడి చూస్తే జూబ్లీహిల్స్ వైపంతా బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య అక్కడక్కడా ఒక కొత్త బంగళా. ఫిల్మ్‌నగర్ అనే పేరు అప్పుడప్పుడే జనం నోటికి అలవాటవుతోంది.

జూనియర్ ఆర్టిస్టులకి కూడా ఎవరి వేషం వాళ్లకుండేది. ఒకళ్లు పెళ్లిజనం, ఒకళ్లు ఊరిజనం, ఒకళ్లు కాలేజీ పిల్లలు. మా అమ్మ సుగుణ పొడుగ్గా, నిటారుగా, ఊరికే నవ్వని మొహంతో ఉండేది కాబట్టి ఏజెంటు సూరిబాబు ఆమెని నర్సుల్లో వేశాడు. నర్సుకి మాటలుండవు. పళ్లెం పట్టుకోవాలి, డాక్టరు చెయ్యి చాపగానే అందులో ఏదో పెట్టాలి, ఆయన తల ఊపగానే తెల్లదుప్పటి మొహం మీదికి లాగాలి. అంతే. కానీ ఆ అంతకీ అమ్మ ఎంత తయారయ్యేదో చెప్పాలి. కంపెనీ ఇచ్చే తెల్లచీరల్లో ఎవరి చెమటో, ఎవరి పౌడరో ఉంటుందని సొంతానికి ఒక చీర, ఒక నర్సు టోపీ పెట్టుకుంది. షూటింగ్ ముందురోజు సగ్గుబియ్యం గంజి కాచేది. ఉండలు కట్టకుండా అమ్మమ్మ గరిటె తిప్పుతూ కూర్చునేది. బకెట్లో నీలిమందు బొట్టు వేసి, అందులో చీర ముంచి, ఎల్లమ్మ గేదెలు కొమ్ము తగిలించకుండా నన్ను కాపలా పెట్టి ఆరేసేది. తర్వాత బొగ్గుల ఇస్త్రీపెట్టె. టోపీకి మాత్రం రెండుసార్లు గంజి పట్టించేది. మడతలు పలకలా నిలబడాలి. ఆ గంజి ఆరేటప్పుడు వచ్చే పుల్లటి వెచ్చటి వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ కడుపులో ఆకలి పుడుతుంది, ఎందుకంటే ఆ వాసన వచ్చిన మర్నాడు మా ఇంట్లో కూర ఉండేది.

సాయంత్రం అమ్మ ఇంటికి రాగానే అమ్మమ్మ అడిగే మాట ఒకటే. "ఇవాళ ఎవరు పోయారే?"

"హీరో వాళ్లమ్మ."

"ఆవిడ మొన్నే పోయింది కదే?"

"అది ఇంకో సినిమాలేమ్మా."

"పాపం, ఆవిడకి చావే సరిపోయింది" అని అమ్మమ్మ నశ్యం పీల్చుకునేది. అమ్మ టోపీకున్న పిన్నీసులు తీస్తూ లోపల్లోపల నవ్వుకునేది. ఆ ఇంట్లో మేం ముగ్గురం హాయిగా ఉండేవాళ్లమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను ఆ ఇరుకు గదిని తిట్టుకునేదాన్ని.

ఆ ఏడాది దసరా సెలవుల్లో అమ్మ నన్ను షూటింగ్‌కి తీసుకెళ్లింది. నేను హైస్కూలు చదువుతున్నాను. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా మేడమీద పడకగదిని ఆసుపత్రి చేశారు. ఇనుపమంచం, సెలైన్ స్టాండు, గోడకి గుండె బొమ్మ. నర్సులు నలుగురో అయిదుగురో ఉన్నారు, వాళ్లలో అమ్మ స్నేహితురాలు రాజ్యం కూడా ఉంది. రాజ్యం అత్త అని పిలిచేదాన్ని నేను. రాజమండ్రి మనిషి, మా వీధే, పండక్కి చేసిన అరిసెలు ముందు మా ఇంటికే పంపేది. నేను కిటికీ పక్కన లైట్ల వైర్లు తొక్కకుండా ఒదిగి కూర్చున్నాను. డాక్టరుగారు వచ్చారు. అందరూ లేచారు. సినిమాల్లో ఆయన్ని చూసి ఎన్నిసార్లు ఏడ్చానో, అంత దగ్గరగా కనిపించేసరికి కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఇక్కడ ఒక కట్టుబాటు గురించి చెప్పాలి. పెద్ద ఆర్టిస్టు ఏమన్నా సెట్టంతా నవ్వాలి. అర్థం కానక్కర్లేదు, వినపడనక్కర్లేదు. పైన పరంజా మీద కూర్చున్న లైట్‌బాయ్ కూడా నవ్వేవాడు. నవ్వని మనిషిని మేనేజరు చూస్తాడు, ఏజెంటు చూస్తాడు, మర్నాడు షూటింగ్‌కి తీసుకెళ్లే వ్యాను ఆ మనిషి ఉన్న వీధికి రాదు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. చెప్పకుండానే అందరికీ తెలుసు.

ఒక షాట్ అయింది. లైట్లు మార్చుకుంటున్నారు. డాక్టరుగారు మెడలోని స్టెతస్కోపు తీసి చెవులకి పెట్టుకున్నారు. "ఈ నర్సమ్మలకి గుండెకాయలున్నాయో లేదో చూద్దాం ఒకసారి" అంటూ వరసగా నిలబడ్డ వాళ్ల దగ్గరికి వెళ్లారు. మొదటి ఆవిడ ఎద మీద ఆ బిళ్ల పెట్టి, కళ్లు పెద్దవి చేసి, "అబ్బో, ఇది ఎవరి కోసమో కొట్టుకుంటోందయ్యా" అన్నారు. సెట్టంతా నవ్వింది. ఆవిడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండో ఆవిడ దగ్గర ఇంకాసేపు ఉంచారు, ఇంకా నవ్వారు. రాజ్యం అత్త వంతు వచ్చింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకి వచ్చి, నవ్వింది. నాకు ఇదంతా ఏమిటో పూర్తిగా తెలిసే వయసూ కాదు, తెలియని వయసూ కాదు. నా చెవులు మాత్రం వేడెక్కిపోయాయి.

అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆ బిళ్లని గాల్లోనే పిడికిట్లో పట్టుకుంది. ఆయన చెవుల్లో గొట్టాలున్నాయి కదా, లాగారు. అమ్మ వదల్లేదు. ఆయన తల ముందుకి వంగింది.

"వదలవయ్యా" అన్నారు ఆయన నవ్వుతూనే, ఆడమనిషిని అయ్యా అనడం కూడా ఆయన సరసంలో భాగం.

"ముందు మీరు దూరం జరగండి" అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు.

గొట్టాలు ఆయన చెవుల్లోంచి ఊడి వచ్చాయి. నవ్వడం మొదలుపెట్టిన వాళ్లు మధ్యలో ఆపేశారు. ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో కనిపించి పోయింది, వెంటనే మేనేజరు వైపు తిరిగి, "ఈ నర్సుకి జ్వరం ఉన్నట్టుందయ్యా, ఇంటికి పంపించు" అన్నారు. అప్పుడు మళ్లీ అందరూ నవ్వారు, ఈసారి ఇందాకటి కంటే గట్టిగా.

అక్కడితో పోతే నేనూ మర్చిపోయేదాన్నేమో. అప్పటికే అమ్మని వెనక నుంచి ఒక షాట్ తీశారు, కాబట్టి తర్వాత షాట్‌లోనూ అదే టోపీ కనిపించాలి. మేనేజరు వచ్చి టోపీ ఇచ్చి వెళ్లమన్నాడు. అమ్మ సొంత టోపీ అది. అందరి ముందూ నిలబడి పిన్నీసులు తీసింది, తీసి టోపీని మేనేజరు చేతిలో పెట్టింది. వాళ్లు దాన్ని రాజ్యం అత్త తలకి పెట్టారు. డాక్టరుగారు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఇటు చూడను కూడా చూడలేదు. నేనూ అమ్మా కొండ దిగి కృష్ణానగర్ దాకా నడిచి వచ్చాం. దారంతా ఆమె నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ దారిలోనే నాకు ఆ మనిషి మీద పగ పుట్టింది. పెద్దయ్యాక దానికి గౌరవంగా ఏవేవో పేర్లు పెట్టుకోవచ్చని తెలిసింది గానీ, అది పగే.

"ఏంది సుగుణమ్మా, జల్దొచ్చినవ్? ఒంట్ల బాగ లేదా?" అని ఎల్లమ్మ కొట్టంలోంచి అడిగింది. అమ్మ చెప్పింది. ఎల్లమ్మ పాలచెంబు కింద పెట్టింది. "గాని చెయ్యి ఇరగ. గొట్టం మెడలేసుకుంటె డాక్టరైతడా? చెంప మీద ఒక్కటియ్యకపోయినవా?"

"ఆయన సంగతి వదిలెయ్ ఎల్లమ్మా. అందరూ నవ్వారు. రాజ్యం కూడా నవ్వింది" అంది అమ్మ.

"ఆడోళ్లు గూడ నవ్విండ్రా?" అంది ఎల్లమ్మ. ఆమెకి అది నమ్మశక్యం కాలేదు. "గదేం పనికిమాలిన నవ్వు?"

అమ్మని నర్సుల్లోంచి తీసేశారు. కొన్నాళ్లు ఊరిజనంలో పిలిచారు, తర్వాత అదీ లేదు. సూరిబాబు మా వీధిలోంచి వెళ్తూ మా గుమ్మం వైపు చూడకుండా వెళ్లేవాడు. రాజ్యం అత్త ఒకసారి అరిసెలు పంపింది, అమ్మ తిరగ్గొట్టింది. తర్వాత అమ్మ వీధిలో ఆడవాళ్ల చీరలకి గంజిపెట్టి ఇస్త్రీ చేసే పని పెట్టుకుంది. గంజి వాసన మా ఇంట్లో రోజూ ఉండేది, కానీ అది ఇదివరకటి వాసన కాదు. నర్సు చీరని ఒకరోజు కత్తిరించి అమ్మమ్మకి తలగడ గలీబులు కుట్టింది. ఇవాళ ఎవరు పోయారే అని అమ్మమ్మ అడగడం మానేసింది.

నేను బి.ఏ. తెలుగు చదివాను. నా దస్తూరీ బాగుంటుందని ఎవరో చెబితే ఫిల్మ్‌నగర్‌లో ఒక మాటల రచయిత దగ్గర సీన్లు శుభ్రంగా తిరగరాసే పనిలో చేరాను. అమ్మ వద్దంది. మళ్లీ ఆ కొండెక్కొద్దంది. నేను వినలేదు. సాహిత్యం మీద ప్రేమతో చేరానని తర్వాత ఎక్కడెక్కడో చెప్పుకున్నాను, అది కొంత నిజమే. కానీ చేరిన మొదటి రోజు నుంచీ నాకు కావలసింది, ఆ మనిషికి చేతికందేంత దూరంలో నిలబడటం.

అందింది కూడా. డాక్టరుగారు డైలాగు బట్టీ పట్టరు, అది ఆయనకి మొదటి నుంచీ ఉన్న అలవాటు. ఆయనేమిటి, పెద్దవాళ్లలో చాలామంది అంతే. కెమెరా పక్కన ఒకరు నిలబడి సీను కాగితం చూసి ఒక్కో ముక్కా అందిస్తారు, వాళ్లు దాన్ని అందుకుని నటిస్తూ పలుకుతారు. సెట్టు మీద ఎవరి గొంతు ఎంత వినపడినా ఇబ్బంది లేదు, మాటలు తర్వాత థియేటర్లో డబ్బింగ్ చెప్పుకుంటారు. దీన్ని ప్రాంప్టింగ్ అనేవాళ్లు. మా గురువుగారి మాటలు నోరు తిరగనివిగా ఉన్నప్పుడు ఆ పనికి నన్ను పంపేవారు. డాక్టరుగారు ఈ విద్యలో ఆరితేరినవారు. అందించిన మాట నోట్లోంచి బయటికి వచ్చేసరికి దానికి కన్నీళ్లు, వణుకు, నిట్టూర్పు అన్నీ తగిలించేవారు. ఒకసారి ఒక వాక్యం ఎందుకొచ్చిందో వివరించబోతే, "అర్థాలు నాకెందుకమ్మా? మాట అందించు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. నేను ఎవరి కూతురినో ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

అలా ఉండగా ఒక సినిమాలో మెడికల్ కాలేజీ సీను వచ్చింది. ముసలి ప్రొఫెసరు కొత్తగా చేరిన పిల్లలకి మొదటి పాఠం చెబుతాడు. "స్టెతస్కోపు అనే మాట ఎక్కడిది, దానికి అర్థమేమిటి, ఆ కథేమిటో కనుక్కుని రా, ప్రొఫెసరు నోట పెడదాం" అన్నారు గురువుగారు. నేను బంజారాహిల్స్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పేషెంట్లందరూ అయిపోయేదాకా కూర్చోబెట్టి, తర్వాత చెప్పిందామె. నేను గదిలో ఉండగానే చివరి పేషెంటుని చూసింది. ఆ బిళ్లని ముందు తన అరచేతిలో రుద్ది వెచ్చజేసి, "చల్లగా తగులుతుందేమోనమ్మా, పెట్టనా?" అని అడిగి, అవతలి మనిషి తల ఊపాక పెట్టింది. నాకు అక్కడే కళ్లు మండాయి.

"అది గ్రీకు మాటండీ. స్తేథోస్ అంటే ఎద. స్కోపెయిన్ అంటే చూడటం, పరీక్షగా చూడటం" అందామె.

"వినే పరికరం కదా, చూడటమేమిటి?"

"చెవితో లోపలికి చూడటం అనుకోండి. కనిపెట్టినాయన అలా అనుకునే పెట్టి ఉంటాడు. ఫ్రెంచి డాక్టరు. అప్పటిదాకా పేషెంటు ఎద మీద నేరుగా చెవి ఆనించి వినేవాళ్లు. ఒకసారి గుండెజబ్బుతో ఒక వయసులో ఉన్న అమ్మాయి వచ్చింది. ఆడపిల్ల, పైగా మనిషి కాస్త లావు, నేరుగా చెవి పెట్టడం ఆయనకి బాగనిపించలేదు. చేతికందిన కాగితాలు గట్టిగా చుట్టి గొట్టం చేశాడు. ఒక చివర ఆమె ఎద మీద, ఇంకో చివర తన చెవికి. నేరుగా పెట్టినప్పటికంటే బాగా వినపడింది."

బల్ల మీది వారపత్రికని చుట్టి, ఒక చివర తన గుండె మీద పెట్టుకుని రెండో చివర నాకిచ్చింది. విన్నాను. ముక్కూ మొహం తెలియని ఒక ఆడమనిషి గుండె, ఆమె అనుమతితో, మా ఇద్దరి మధ్యా ఒక చేతి దూరం ఉండగా. ఇంటికి వస్తూ బస్సులో నాకు ఒళ్లంతా మంటగా ఉంది. ఆడదాని ఒంటిని ముట్టుకోకుండా ఉండటం కోసం పుట్టిన వస్తువది. ఆ మనిషి దాన్ని దేనికి వాడాడు?

గురువుగారు సీను రాశారు, నేను తిరగరాశాను. గ్రీకు మాటలు ఉన్నాయి కాబట్టి అందించడానికి నన్నే పంపారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరులో మెట్లుమెట్లుగా క్లాసు సెట్టు వేశారు. తెల్లకోట్లలో అమ్మాయిలు, అబ్బాయిలు. వెనక గోడకి ఆనుకుని పళ్లెం పట్టుకుని ఒక పెద్ద నర్సు. రాజ్యం అత్త. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి గుర్తుపట్టి తల దించుకుంది. లైటింగ్ జరుగుతుండగా డాక్టరుగారు స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని ముందు వరసలో ఒక పిల్ల దగ్గరికి వెళ్లారు. "డాక్టరమ్మకి గుండె ఉందో లేదో" అన్నారు. సెట్టంతా నవ్వింది. ఆ పిల్లా నవ్వింది, కానీ చేతిలో పుస్తకాన్ని ఎదకి అడ్డం పట్టుకుని నవ్వింది. అప్పటిదాకా నేను ఏం చేయాలో అనుకోలేదు. ఆ పుస్తకం చూశాక అనుకున్నాను.

టేక్ మొదలైంది. నేను అందించడం, ఆయన పలకడం. గొంతు ఖంగుమంటోంది. స్తేథోస్ అంటే ఎద. స్కోపెయిన్ అంటే పరికించి చూడటం. ఫ్రెంచి డాక్టరు, గుండెజబ్బు పిల్ల, చుట్టిన కాగితాలు. "ఈ గొట్టం ఏమిటో తెలుసా పిల్లలూ? ఆడదాని ఒంటికీ మగవాడికీ మధ్య ఒక మంచి మనిషి మర్యాదగా ఉంచిన దూరం." అక్కడికి కాగితంలో సీను అయిపోయింది. ఆయనకి అది తెలియదు. తెలుసుకునే అలవాటే లేదు. నేను ఆపలేదు.

"నేను మాత్రం," అన్నాను.

"నేను మాత్రం," అన్నారాయన, ఒక అడుగు ముందుకి వేసి.

"ఆ దూరాన్ని చెరపడానికే దీన్ని వాడాను."

"ఆ దూరాన్ని చెరపడానికే దీన్ని వాడాను." గొంతు వణికింది. కన్నీళ్లు వచ్చేశాయి, ఆయనకి అవి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

"షూటింగుల్లో, లైట్లు మార్చుకునేటప్పుడు, నవ్వులాటకి, ఎందరి మీదో పెట్టాను."

అన్నారు. అంతా అన్నారు. మాట తప్పకుండా.

"నర్సు వేషం వేసే సుగుణ ఒక్కతే ఈ బిళ్ల పట్టుకుని ఆపింది. ఆమె కూడు తీసేశాను."

"నర్సు వేషం వేసే సుగుణ ఒక్కతే ఈ బిళ్ల పట్టుకుని ఆపింది. ఆమె కూడు..."

అక్కడ ఆగారు. చెంపల మీద నీళ్లు అలాగే ఉన్నాయి, కళ్లు మాత్రం నన్ను వెతుక్కుంటున్నాయి. దర్శకుడు కట్ చెప్పలేదు. గురువుగారు సీను మార్చి పంపారనుకున్నాడో, ఆ మొహం చూసి వదలబుద్ధి కాలేదో. కెమెరా తిరుగుతూనే ఉంది. డాక్టరుగారు పెదవి కదపకుండా, "అందించమ్మా" అన్నారు.

"అందించడానికి ఇక లేదండీ. మిగతాది మీరు చెప్పండి" అన్నాను.

ఒక్క మాట చాలు. తప్పయిందని అనక్కర్లేదు, సుగుణ అని ఇంకోసారి అన్నా నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆయన నోరు తెరిచారు, మూశారు. జీవితమంతా ఊరందరి కష్టాలకీ ఓదార్పు మాటలు చెప్పిన నోట్లో సొంత మాట ఒక్కటీ లేదు. దర్శకుడు కట్ అన్నాడు. డాక్టరుగారు నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు, "సుగుణ ఎవరమ్మా?"

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి రాజ్యం అత్త అంది. "మాతో చేసేదండీ. నవ్వలేదని తీసేయించారు. ఆవిడ టోపీ నా నెత్తిన పెట్టించారు."

ఆయన కాసేపు గుర్తుచేసుకోవడానికి చూశారు. గుర్తు రాలేదు. నటన కాదు, నిజంగానే రాలేదు. నా పగకి అంతకంటే పెద్ద చెంపదెబ్బ ఇంకోటి లేదు. చివరికి చుట్టూ చూసి, చేతిలో గొట్టం ఊపుతూ, "అప్పట్లో ఏదో సరదాగా ఉండేవాళ్లంలే. పోనీ, గుండె జబ్బేమీ లేదని అప్పుడే తేలిపోయింది కదా" అన్నారు. అని, అలవాటు ప్రకారం ఆగారు. నవ్వు కోసం ఆగారు. రాలేదు. తెల్లకోట్ల పిల్లలు నవ్వలేదు, మేనేజరు నవ్వలేదు, పైన పరంజా మీద కూడా చప్పుడు లేదు. ఆయన ఆ నిశ్శబ్దంలో నిలబడటం నేను కళ్లారా, కడుపారా చూశాను. జాలి పడాల్సిందని తర్వాత కొందరన్నారు. పడలేదు.

మర్నాడు ఆ సీను ఇంకొకరు అందిస్తే, తోక కత్తిరించి, మళ్లీ తీశారు. "డైలాగు బాగుందమ్మాయ్. కానీ నువ్వింక రాకు" అన్నారు గురువుగారు. సినిమా రాతలు నాకు అంతటితో సరి. పత్రికలకి రాసుకుంటూ బతికాను, బాగానే బతికాను. కృష్ణానగర్‌లో ఎల్లమ్మ కొట్టం ఉన్నచోట ఇప్పుడు అంతస్తుల మీద అంతస్తులు, జూబ్లీహిల్స్ బండరాళ్లలో ఒక్కటీ మిగల్లేదు. ఇప్పటి సెట్ల మీద ఫిర్యాదు చేసుకోవడానికి నంబరు రాసి అంటిస్తారట, పిల్లలు మైకుల ముందు నిలబడి పేర్లు పెట్టి మరీ చెబుతున్నారు. వింటుంటే నాకు కుళ్లుగా ఉంటుంది, సంతోషంగానూ ఉంటుంది. మా అమ్మ ఫిర్యాదు చేయాలంటే సూరిబాబుకే చేయాలి. సూరిబాబు నవ్వినవాళ్లలో ఉన్నాడు. ఇన్నేళ్లయింది కదా, ఇక వదిలెయ్యమని నా స్నేహితులు అంటారు. తలకి టోపీ పెట్టుకుని నిలబడ్డ చోట, పదిమంది చూస్తుండగా పిన్నీసులు తీసుకున్నది వాళ్లమ్మ కాదు.

ఆ సీను తీసిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఎవరిదో చీర ఇస్త్రీ చేస్తోంది. పక్కన కూర్చుని జరిగినదంతా చెప్పాను. ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టి వింది. ఆయన ఆమె పేరు పలికాడని చెప్పినా మొహంలో ఏమీ కదల్లేదు. గుర్తు లేదన్నాడని చెప్పినా అంతే. చివర్లో ఆయన వేసిన జోకు చెప్పాను.

"నవ్వారా?" అంది.

"ఎవరూ నవ్వలేదమ్మా."

"రాజ్యం ఉందన్నావుగా. అదీ నవ్వలేదా?"

"నవ్వలేదు. నీ సంగతి చెప్పింది అత్తే."

అమ్మ చీర మడతని అరచేత్తో సరిచేసింది. బొగ్గులు ఆరిపోతున్నాయేమోనని పెట్టె మూత తీసి చూసి, మళ్లీ వేసింది.

"మరి నువ్వు?"

"నేనూ నవ్వలేదు."

"ఆయన మొహం చూసి నువ్వు నవ్వాల్సింది" అంది అమ్మ.